అవుట్‌బోర్డ్ ఇంజన్‌లో ఇగ్నిషన్ మిస్‌ఫైర్: లోపాన్ని గుర్తించే పద్ధతి

పడవ వెనుక చెక్కకు బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్‌లో ఒక సిలిండర్ తన వంతు వచ్చినప్పుడు మండకుండా దాటిపోవడాన్ని మిస్‌ఫైర్ అంటారు. మెకానిక్కుల మాటల్లో చెప్పాలంటే ఇంజన్ మిస్ కొడుతోంది. సిలిండర్ మండాలంటే తగినంత కంప్రెషన్, గాలితో సరైన పాళ్లలో కలిసిన ఇంధనం, సరైన క్షణంలో పడే బలమైన స్పార్క్ కావాలి. ఈ స్పార్క్ పడకపోయినా, బలహీనంగా పడినా, వేళ తప్పి పడినా వచ్చేది ఇగ్నిషన్ మిస్‌ఫైర్.

రెండు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి పూర్తిగా చచ్చిపోతే శక్తి సగానికంటే ఎక్కువే పడిపోతుంది. పనిచేస్తున్న సిలిండర్ పడవను నెట్టడంతోపాటు చచ్చిన సిలిండర్ పిస్టన్‌ను కూడా ఈడ్చాలి కదా. రోడ్డు మీద బండి అయితే పక్కకు తీసి ఆపుకోవచ్చు. నది మొగ దాటేటప్పుడో, ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోటో ఇంజన్ బలం తగ్గితే పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటానికి బోల్తా పడుతుంది. అందుకే, ఎప్పుడో ఒకసారి వస్తున్న మిస్సింగే కదా అని వదిలేసి వేటకు వెళ్లడం మంచిది కాదు.

ఆంధ్ర తీరంలో ఫైబర్ బోట్ల మీదా, వరదల్లో ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్ బృందాలు నడిపే రబ్బరు పడవల మీదా ఓబీఎం పేరుతో కనిపించేవి ఈ ఇంజన్లే. వాటిలో రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, సీడీఐ ఇగ్నిషన్ ఉన్న రకాన్ని ఇక్కడ ప్రధానంగా తీసుకున్నాం. నిర్మాణం సులువు, లోపం వెతికే తర్కం అందులో స్పష్టంగా కనిపిస్తుంది, మిగతా రకాలకూ చాలావరకు అదే తర్కం వర్తిస్తుంది.

స్పార్క్ పుట్టే దారి

నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తన అవుట్‌బోర్డ్ ఇంజన్‌ను జనానికి అందించాడు. తర్వాతి కాలంలో ఫ్లైవీల్‌లోనే అయస్కాంతాలు అమర్చి, బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించే మాగ్నెటో స్థిరపడింది. దశాబ్దాలపాటు ఆ మాగ్నెటోలో కరెంటును తెంచే పని పాయింట్లది. అవి అరిగేవి, కాలేవి, తడి తగిలితే పనిచేసేవి కావు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను తయారుచేశాక పాయింట్లు లేని ఇగ్నిషన్‌కు దారి ఏర్పడింది. 1960ల రెండో సగం నుంచి అమెరికా అవుట్‌బోర్డ్‌లలోనూ, ఆ తర్వాత జపాన్ ఇంజన్లలోనూ కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్, అంటే సీడీఐ, వ్యాపించింది.

దాని పని ఇలా సాగుతుంది. ఫ్లైవీల్ తిరుగుతుంటే దాని అయస్కాంతాలు కింద ఉన్న ఛార్జ్ కాయిల్‌లో రెండు మూడు వందల వోల్టుల వరకు ఏసీ కరెంటు పుట్టిస్తాయి. సీడీఐ యూనిట్‌లోని డయోడ్ దాన్ని ఒకే దిశకు మళ్లించి కెపాసిటర్‌ను నింపుతుంది. పిస్టన్ పైకి వచ్చే వేళకు పల్సర్ కాయిల్ ఒక చిన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతంతో థైరిస్టర్ తెరుచుకుని, కెపాసిటర్‌లో నిల్వ ఉన్నదంతా ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ చుట్టలోకి వెళుతుంది. సెకండరీ చుట్టలో అది వేల వోల్టులుగా పెరిగి, హెచ్‌టీ (హై టెన్షన్) లీడ్ గుండా ప్లగ్ చేరి, ఖాళీని దాటి స్పార్క్ అవుతుంది.

నిమిషానికి 5,000 చుట్లు తిరిగే టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 83 స్పార్కులు కావాలి. ఒక స్పార్క్‌కూ మరో స్పార్క్‌కూ మధ్య ఉన్న వ్యవధి 12 మిల్లీసెకన్లు. ఆలోపు కెపాసిటర్ మళ్లీ నిండాలి. అది ఎంత నిండిందన్నదే కీలకం, ఎందుకంటే కెపాసిటర్‌లోని శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 300 వోల్టులు ఉంటే దాని శక్తి 45 మిల్లీజౌళ్లు. అదే 150 వోల్టులే ఉంటే 11 మిల్లీజౌళ్లకు కాస్త పైన. వోల్టేజీ సగమైతే శక్తి నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట. తాడు లాగినప్పుడు స్పార్క్ కంటికి కనిపిస్తున్నా, బరువు మీద ఇంజన్ మిస్ కొట్టడానికి ఒక ముఖ్యకారణం ఇక్కడే ఉంది. స్పార్క్ ఉందా లేదా అని చూస్తే సరిపోదు, అది ఎంత బలంగా ఉందో కొలవాలి.

ఈ దారిలో కొన్ని భాగాలు రెండు సిలిండర్లకూ ఉమ్మడివి, కొన్ని ఒక్కో సిలిండర్‌కు సొంతం. చాలా ఇంజన్లలో ఛార్జ్ కాయిల్, స్టాప్ సర్క్యూట్, సీడీఐ యూనిట్ ఎర్త్ వైరు ఉమ్మడి. ప్లగ్, క్యాప్, హెచ్‌టీ లీడ్, ఇగ్నిషన్ కాయిల్ సొంతం. పల్సర్ కాయిల్ కొన్నిటిలో ఉమ్మడి, కొన్నిటిలో విడివిడి. రెండు సిలిండర్లూ కలిసి మిస్ కొడుతుంటే ఉమ్మడి భాగాల వైపు వెళ్లాలి. ఒక్కటే మిస్ కొడుతుంటే దాని సొంత భాగాల వైపు. ఈ ఒక్క విభజనతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. అది తేల్చకుండా చేతికందిన భాగాన్నల్లా మార్చి చూడటం పరీక్ష అనిపించుకోదు. అలా మార్చిన కొత్త భాగంలోనే లోపం ఉంటే, ఆ తర్వాత వెతుకులాట రెట్టింపవుతుంది.

ఇగ్నిషనేనా?

పరికరాలు తీయకముందే ఇంజన్ నడిపే మనిషిని అడగాల్సిన ప్రశ్నలున్నాయి. మిస్సింగ్ చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, అరగంట నడిచాక వస్తోందా? నెమ్మదిగా పోతున్నప్పుడా, పూర్తి వేగంలోనా? నీటి తుంపర పడ్డ రోజున ఎక్కువగా ఉందా? కొత్తగా పెట్రోల్ పోశాక మొదలైందా? ఇంజన్ ఈ మధ్య నీళ్లలో మునిగిందా? ఈ జవాబులే చాలాసార్లు సగం దారి చూపిస్తాయి.

ఇంధన లోపానికీ స్పార్క్ లోపానికీ స్వభావంలోనే తేడా ఉంది. స్పార్క్ తప్పితే దెబ్బ ఠక్కున పడుతుంది, మళ్లీ అంతే ఠక్కున కోలుకుంటుంది. ఇంధనం అందకపోతే ఇంజన్ క్రమంగా నీరసించి, వేగం కిందికి జారుతుంది. ఇంజన్ నీరసిస్తున్న క్షణంలో ఇంధన గొట్టానికి ఉన్న రబ్బరు బల్బును నొక్కినప్పుడు పుంజుకుంటే లోపం ఇంధనం పంపులోనో, గొట్టంలోనో ఉంది. చోక్ కొద్దిగా లాగితే మెరుగైతే కార్బురేటర్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరుతుంది. తీరప్రాంతంలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకును వారాల తరబడి వదిలేస్తే ఈ ముప్పు ఎక్కువ. ఆ నీరు కార్బురేటర్‌లోకి వచ్చినప్పుడు వచ్చే మిస్సింగ్ అచ్చం ఇగ్నిషన్ లోపంలాగే ఉంటుంది. అందుకే కార్బురేటర్ అడుగు స్క్రూ విప్పి, ఆ ఇంధనాన్ని గాజు సీసాలోకి పట్టి చూడటం తప్పనిసరి పని.

కంప్రెషన్ చూడటానికి ఐదు నిమిషాలు చాలు. రెండు ప్లగ్గులూ తీసి, లీడ్లను ఎర్త్‌కు కలిపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి తాడు లాగాలి. గేజ్ చూపే అంకెకంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఆ తేడా 10–15 శాతం దాటితే ఇగ్నిషన్ పరీక్షలు పక్కనబెట్టి రింగులు, హెడ్ గ్యాస్కెట్ చూసుకోవాలి.

ఇంకో సందర్భంలో చాలామంది పొరబడతారు. ఇంజన్ వేడెక్కినా, ఆయిల్ తగ్గినా దాన్ని కాపాడటానికి కొన్ని అవుట్‌బోర్డ్‌ల సీడీఐ యూనిట్లు కావాలనే స్పార్కులు ఆపి వేగాన్ని తగ్గిస్తాయి. ఇంజన్ దడదడలాడుతూ నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గరే ఉండిపోతుంది, యాక్సిలరేటర్ తిప్పినా వేగం పెరగదు. అది లోపం కాదు, రక్షణ. వరద నీటిలో ప్లాస్టిక్ సంచి నీటి రంధ్రాలకు చుట్టుకున్నప్పుడు ఇదే జరుగుతుంది. ఇంజన్ పక్క నుంచి చిమ్మే నీటిధార సన్నబడిందా అని ముందు చూడాలి. అది చూడకుండా కాయిళ్లు మారిస్తే డబ్బుతోపాటు కొన్నిసార్లు పిస్టన్ కూడా పోతుంది.

ఏ సిలిండర్?

ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్ స్పార్క్‌ను ఆపి చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. మంచి సిలిండర్‌ను ఆపితే వేగం పడిపోతుంది. చచ్చిన సిలిండర్‌ను ఆపితే తేడా ఏమీ ఉండదు. అయితే ప్లగ్ క్యాప్‌ను చేత్తో పీకేసి గాలిలో వదలకూడదు. సీడీఐ వోల్టేజీకి దారి దొరకకపోతే అది కాయిల్ ఇన్సులేషన్‌నే చీల్చుకుని పోతుంది, చేతికి తగిలే షాక్ కూడా చిన్నది కాదు. ఇన్సులేషన్ ఉన్న పటకారుతో లీడ్‌ను ఎర్త్‌కు కలపాలి, లేదా ఆ పనికి దొరికే టెస్టర్ వాడాలి.

టైమింగ్ లైట్ ఉంటే పని ఇంకా శుభ్రంగా జరుగుతుంది. దాని బిగింపును ఒక లీడ్‌కు తగిలిస్తే ప్రతి స్పార్క్‌కూ దీపం వెలుగుతుంది. మిస్ కొట్టిన క్షణంలో వెలుగు కూడా తప్పితే లోపం ఇగ్నిషన్‌లో ఉంది. వెలుగు తప్పకుండా పడుతూనే ఇంజన్ మిస్ కొడుతుంటే చూపు ప్లగ్ మీదికో, ఇంధనం మీదికో మళ్లాలి. ఆ దీపం వెలగడానికి లీడ్‌లో కరెంటు పోతే చాలు, అది ప్లగ్ ఖాళీని దాటిందో, మసి గుండా ఎర్త్‌కు జారిపోయిందో దానికి తెలియదు. ఈ పరీక్ష పడవ నీళ్లలో ఉండి బరువు లాగుతున్నప్పుడు చేస్తేనే విలువ. కుళాయి నీటిని ఇంజన్ నీటి రంధ్రాలకు అందించే మఫ్ తగిలించి ఒడ్డున నడిపితే సిలిండర్‌లో ఒత్తిడి పెరగదు, బలహీనమైన స్పార్క్ కూడా నెగ్గుకొచ్చేస్తుంది. మఫ్ కూడా లేకుండా నడిపితే మాత్రం నీటి పంపు రబ్బరు కాసేపట్లోనే కాలిపోతుంది.

ప్లగ్ చెప్పే కబురు

ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పోకుండా పక్కపక్కన పెట్టాలి. లేత గోధుమ రంగు మంచి లక్షణం. ఒకటి అలా ఉండి, రెండోది ఇంధనంతో తడిసి నల్లగా ఉంటే ఆ రెండో సిలిండర్ మండటం లేదు. ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ గుండా నీరు లోపలికి వస్తోందేమో చూడాలి. పింగాణీ మీద వెండిరజను లాంటి చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. ఇంజన్‌ను ఇక నడపకూడదు.

ప్లగ్ నంబరు సరైనదా కాదా అన్నది చిన్న విషయంలా కనిపించే పెద్ద విషయం. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగే కొద్దీ ప్లగ్ చల్లనిది, అంటే వేడిని త్వరగా హెడ్‌లోకి పంపేస్తుంది. బీ7హెచ్‌ఎస్ కంటే బీ8హెచ్‌ఎస్ చల్లనిది. ఛాంపియన్ అంకెలు దీనికి తలకిందులు. వల విడిచి, లాగుతూ గంటల తరబడి నెమ్మదిగా నడిచే ఇంజన్‌కు అవసరం కంటే చల్లని ప్లగ్ వేస్తే దాని కొన మసిని కాల్చుకునేంత వేడెక్కదు. మసి కరెంటును ఎర్త్‌కు జార్చేస్తుంది. నంబరులో ఆర్ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉందని అర్థం. డిజిటల్ సీడీఐ, కంప్యూటర్ ఉన్న ఇంజన్లకు అది లేని ప్లగ్ వేస్తే స్పార్క్ నుంచి పుట్టే విద్యుత్ అలజడి యూనిట్‌నే తికమక పెట్టవచ్చు. ఖాళీ కూడా మోడల్‌ను బట్టి మారుతుంది, కొన్నిటికి అర మిల్లీమీటరు దరిదాపు, కొన్నిటికి ఒక మిల్లీమీటరు. మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి, పక్క బోటు వాళ్లది చూసి కాదు.

కేరళ తీరంలో కిరోసిన్ మీద నడిచే అవుట్‌బోర్డ్‌లు దశాబ్దాలుగా ఉన్నాయి. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి, ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కు వస్తారు. ఆ చివరి మార్పు మరిచిపోతే కార్బురేటర్‌లో మిగిలిన కిరోసిన్ మర్నాడు ఆవిరి కాకుండా ప్లగ్‌ను తడిపేస్తుంది. టూ స్ట్రోక్ ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మంచిదన్న నమ్మకం కూడా ప్లగ్గుల పాలిట శత్రువే. 50 పాళ్లకు ఒక పాలు కలపమన్న ఇంజన్‌లో రెండు పాళ్లు కలిపితే మసి పెరగడమే కాదు, ఆ మేరకు పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడుతుంది కూడా.

ప్లగ్గులను రెండు సిలిండర్ల మధ్య మార్చి చూడటం అన్నిటికంటే చౌక పరీక్ష. మిస్సింగ్ ప్లగ్‌తోపాటు అవతలి సిలిండర్‌కు వెళితే దోషం దానిదే.

లీడ్, క్యాప్, కాయిల్

స్పార్క్ బలం చూడటానికి ప్లగ్‌ను హెడ్‌కు ఆనించి తాడు లాగడం అందరికీ తెలిసిన పద్ధతి. అది చెప్పేది తక్కువ. బయటి గాలిలో అర మిల్లీమీటరు ఖాళీని దాటడానికి చాలిన వోల్టేజీ, సిలిండర్‌లో ఒత్తిడికి గురైన గాలిలో చాలదు. ఒత్తిడి పెరిగే కొద్దీ అదే ఖాళీకి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే ఖాళీ మార్చుకునే వీలున్న స్పార్క్ టెస్టర్ వాడాలి. చాలా సీడీఐ అవుట్‌బోర్డ్‌లు దాదాపు 11 మిల్లీమీటర్ల ఖాళీని తాడు వేగంలోనే నీలిరంగు స్పార్క్‌తో దాటగలగాలి. పసుపు, నారింజ రంగులో సన్నగా పడితే బలం చాలదు. టెస్టర్‌ను ప్లగ్ రంధ్రాలకు దూరంగా పెట్టాలి. తాడు లాగిన ప్రతిసారీ ఆ రంధ్రాల నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, ఒక్క స్పార్క్‌తో అది అంటుకుంటుంది.

ఒక్క సిలిండర్‌కే స్పార్క్ తక్కువగా ఉంటే క్యాప్ తిప్పి తీసి, లీడ్ చివర పచ్చగా చిలుము పట్టిందేమో చూడాలి. పట్టి ఉంటే మంచి రాగి వచ్చేదాకా కొద్దిగా కత్తిరించి మళ్లీ బిగిస్తే చాలా ఇంజన్లు అక్కడికక్కడే బాగవుతాయి. చీకట్లో కవరు తీసి నడిపి, శుభ్రమైన నీటిని సన్నగా చల్లితే ఇన్సులేషన్ పగిలిన చోట నీలి మెరుపు పాకడం కనబడుతుంది. కాయిల్ ఒంటి మీదో ప్లగ్ పింగాణీ మీదో పెన్సిల్ గీతలాంటి నల్లటి చార కనిపిస్తే కరెంటు అక్కడ దారి చేసుకుందని అర్థం. తుడిస్తే అది పోదు, ఆ భాగాన్ని మార్చాల్సిందే.

ఎర్త్ సంగతి ఉప్పునీటిలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇగ్నిషన్ కాయిల్ తన ఇనుప పలకల ద్వారానో, నల్ల వైరు ద్వారానో అల్యూమినియం బ్లాక్‌కు ఎర్త్ అవుతుంది. ఉప్పు తేమలో ఇనుము, అల్యూమినియం ఒకదానికొకటి ఆనిన చోట తుప్పు, తెల్లటి పొడి పేరుకుంటాయి. బోల్టు గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. బోల్టు విప్పి, రెండు తలాలూ గీకి, శుభ్రం చేసి బిగించాలి. వెతుకులాటలో మొదటి గంట ఎర్త్ బోల్టులకూ కనెక్టర్లకూ కేటాయించడం నా దృష్టిలో అన్నిటికంటే లాభసాటి పని. ఖర్చు గీకే కాగితం మాత్రమే.

రెండు సిలిండర్లకు రెండు వేరువేరు కాయిళ్లు ఉంటే వాటిని కూడా అటూఇటూ మార్చి చూడవచ్చు. కొన్ని ఇంజన్లలో ఒకే కాయిల్ రెండు లీడ్లకూ ఒకేసారి స్పార్క్ ఇస్తుంది. అలాంటి దానిలో ఒక్క సిలిండరే చచ్చిందంటే ఛార్జ్ కాయిల్‌నూ పల్సర్‌నూ ముందుగా అనుమానించనక్కర్లేదు, అవి పోతే రెండూ పోయేవి.

స్టాప్ సర్క్యూట్

ఇంజన్ ఆపే బటనూ, తాళమూ, నడిపేవాడి ఒంటికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పూ అన్నీ ఒకే వైరుకు చేరతాయి. ఆ వైరును ఎర్త్‌కు కలిపితే ఛార్జ్ కాయిల్ కరెంటు కెపాసిటర్‌కు చేరకుండా ఎర్త్‌లోకి పోతుంది, ఇంజన్ ఆగుతుంది. అంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆ సన్నటి వైరు మీద వందల వోల్టులు నిలిచి ఉంటాయి. స్విచ్ లోపల ఉప్పుతేమ చేరినా, వైరు తొడుగు ఎక్కడో రాసుకుని చిరిగినా కరెంటు కొద్దికొద్దిగా కారిపోతుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు ఆ నష్టం తెలియకపోవచ్చు. వేగం పెరిగి వోల్టేజీ పెరిగినప్పుడో, తుంపర పడినప్పుడో రెండు సిలిండర్లూ కలిసి మిస్ కొడతాయి. ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టేసరికి లోపం మాయం. మెకానిక్ సీడీఐ మారుస్తాడు, మర్నాడు సముద్రంలో మళ్లీ అదే కథ.

దీన్ని పట్టుకోవడం తేలిక. పడవను గట్టిగా కట్టేసి, సీడీఐ దగ్గర స్టాప్ వైరు కనెక్టర్‌ను విడదీసి నడపాలి. మిస్సింగ్ పోతే లోపం స్విచ్ వైపు ఉంది. వైరు విడదీశాక ఇంజన్ బటన్‌తో ఆగదు కాబట్టి చోక్ లాగడమో, ఇంధన గొట్టం తీయడమో చేసి ఆపాలి, అలా ఆపే మనిషి ఇంజన్ పక్కనే ఉండాలి. ఇది పరీక్ష వరకే. అలా విడదీసి వేటకు వెళ్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. నడిపేవాడు కెరటానికి ఎగిరి నీళ్లలో పడితే ఇంజన్‌ను ఆపేది ఆ తాడొక్కటే. ఆగని పడవ గుండ్రంగా తిరిగి, పడ్డ మనిషి మీదికే వస్తుంది.

మల్టీమీటర్‌తో కూడా చూడవచ్చు. విడదీసిన స్టాప్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య, స్విచ్ ఆన్‌లో ఉండగా, ఏ మాత్రం కంటిన్యుటీ కనబడకూడదు. లక్షల ఓమ్‌లు చూపినా అనుమానించాల్సిందే. మీటర్ పరీక్షించేది కొద్ది వోల్టులతో, ఇంజన్‌లో దాని మీద పడేది వందల వోల్టులు. అందుకే మీటర్ బాగుందన్నా, విడదీసి నడిపే పరీక్ష చెప్పిందే ఖాయం. చాలా సీడీఐ యూనిట్లలో ఈ వైరుకు పొరపాటున 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే యూనిట్ కాలిపోతుంది. కొత్తగా తాళం స్విచ్ వేయించుకున్నవాళ్లు ఏ వైరు ఎక్కడికి పోయిందో సరిచూసుకోవాలి.

ఛార్జ్ కాయిల్, పల్సర్, సీడీఐ

ఓమ్ పరీక్ష మొదటి మెట్టు. ప్రైమరీ చుట్టలో ఒక ఓమ్ కంటే తక్కువ, సెకండరీలో వేల ఓమ్‌లు, ఛార్జ్ కాయిల్, పల్సర్‌లలో సాధారణంగా వందల స్థాయి. కచ్చితమైన అంకెలు ఆ మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి. అవి మామూలుగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చిన అంకెలు. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది కనుక, మే నెలలో 40 డిగ్రీల ఎండలో కొలిస్తే మంచి కాయిల్ కూడా 8 శాతం ఎక్కువ చూపుతుంది. హద్దు కాస్త దాటిందని అలాంటి కాయిల్‌ను పారేయడం అన్యాయం.

ఓమ్‌లు సరిగా ఉన్నా కాయిల్ చెడ్డది కావచ్చు. చుట్టల మధ్య ఇన్సులేషన్ బలహీనపడితే మీటర్ ఇచ్చే చిన్న వోల్టేజీకి అది బయటపడదు. అయస్కాంతం బలం తగ్గినా ఓమ్‌లకు తెలియదు. అసలు తీర్పు ఇచ్చేది పీక్ వోల్టేజీ పరీక్ష. సీడీఐలో వోల్టేజీ క్షణకాలం పైకి లేచి పడిపోతుంది. మామూలు మల్టీమీటర్ ఏసీ స్థానంలో దాని నిజమైన శిఖరాన్ని చూపదు. డీవీఏ అనే చిన్న అడాప్టర్‌ను మీటర్‌కు తగిలిస్తే ఆ శిఖరం నిలిచి కనబడుతుంది. తాడు వేగంలో ఛార్జ్ కాయిల్ సాధారణంగా వంద వోల్టులు దాటాలి, పల్సర్ నుంచి కొద్ది వోల్టులు వస్తే చాలు, సీడీఐ నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లేది మళ్లీ వంద దాటాలి.

కొలిచే వరుస ముఖ్యం. ఛార్జ్ కాయిల్‌ను విడదీసి కొలిచినప్పుడు వోల్టేజీ బాగుండి, సీడీఐకి కలిపి కొలిస్తే కుప్పకూలితే, కాయిల్ బరువు మోయలేకపోతోంది, లేదా స్టాప్ సర్క్యూట్ తినేస్తోంది, లేదా సీడీఐ లోపల షార్ట్ ఉంది. స్టాప్ వైరు తీసి మళ్లీ కొలిస్తే మధ్యది తేలిపోతుంది. లోపలికి వచ్చేవన్నీ బాగుండి, బయటికి వెళ్లేది ఒక సిలిండర్‌కు మాత్రమే తక్కువగా ఉంటే అప్పుడు సీడీఐని దోషి అనవచ్చు. అన్నిటికంటే ఖరీదైన ఈ యూనిట్‌ను అన్నిటికంటే చివర అనుమానించాలి. వాడుకలో జరిగేది దీనికి తలకిందులుగా ఉంది. రోజువారీ వేట మీద బతికే కుటుంబానికి అక్కర్లేని సీడీఐ ఖర్చు ఎంత భారమో మెకానిక్కులకు తెలియని సంగతి కాదు.

కొన్ని ఇంజన్ల స్టేటర్‌లో, అంటే ఫ్లైవీల్ కింద కదలకుండా ఉండే కాయిళ్ల అమరికలో, తక్కువ వేగానికి ఒక చుట్ట, ఎక్కువ వేగానికి ఇంకో చుట్ట ఉంటాయి. మొదటిది పోతే స్టార్ట్ కావడం కష్టం, ఒకసారి అందుకున్నాక బాగా నడుస్తుంది. రెండోది పోతే సులువుగా స్టార్ట్ అయి, పై వేగంలో మిస్ కొడుతుంది.

వేడెక్కాక వచ్చే మిస్సింగ్ మెకానిక్‌కు సహనపరీక్ష. తెగడానికి సిద్ధంగా ఉన్న తీగ చల్లగా ఉన్నప్పుడు ఆనుకుని ఉంటుంది, వేడికి సాగి విడిపోతుంది. సీడీఐలోని థైరిస్టర్‌లో కూడా వేడితో లీకేజీ పెరుగుతుంది. ఇంజన్ చల్లారే వరకు ఆగి కొలిస్తే అన్నీ సరిగానే కనిపిస్తాయి. కాబట్టి మిస్ మొదలైన వెంటనే, వేడి మీదే కొలవాలి. లేదా అనుమానం ఉన్న ఒక్క భాగాన్నే జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి, అంకె ఎక్కడ తెగిపడుతుందో చూడాలి.

ఫ్లైవీల్, పాయింట్లు, ఫోర్ స్ట్రోక్‌లు

ప్రొపెల్లర్ రాయికి గట్టిగా తగిలాకో, ఫ్లైవీల్ నట్టు తక్కువ బిగువుతో వేశాకో మిస్సింగ్‌తోపాటు కార్బురేటర్‌లోంచి పేలుడు శబ్దం వస్తుంటే ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద కదలకుండా పట్టి ఉంచే కీ సగం తెగి, టైమింగ్ జరిగి ఉండవచ్చు. స్పార్క్ బలంగానే ఉంటుంది, వేళ మాత్రం తప్పుతుంది. ఫ్లైవీల్ తీసినప్పుడు లోపలి అయస్కాంతాలు ఊడి కదులుతున్నాయేమో కూడా చూడాలి.

పాయింట్లున్న పాత ఇంజన్లు ఇంకా అక్కడక్కడా నడుస్తున్నాయి. వాటిలో పాయింట్ల ఖాళీ చాలావరకు అర మిల్లీమీటరు దరిదాపు. ముఖాలు నల్లగా కాలి గుంటలు పడితే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లలో స్పార్క్ వేళను కంప్యూటర్ నిర్ణయిస్తుంది. క్రాంక్ సెన్సర్ సంకేతం తప్పినా, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా మిస్ వస్తుంది. బ్యాటరీ లేకుండా నడిచే చిన్న టూ స్ట్రోక్‌కు లేని బలహీనత ఇది. లాప్‌టాప్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవడంతో పని తేలికవుతుంది గానీ, కోడ్ సెన్సర్ పేరు చెబుతుందే తప్ప ఆ సెన్సర్ కనెక్టర్‌లో పట్టిన చిలుమును చూపించదు. కనెక్టర్ విప్పి చూసే కన్ను అక్కడా కావాలి.

బాగు చేశాక

లోపం తీరిందని చెప్పడానికి ఒడ్డున స్టార్ట్ కావడం సాక్ష్యం కాదు. పడవను నీళ్లలో దింపి, మామూలుగా ఎక్కే బరువు ఎక్కించి, మిస్సింగ్ ఏ స్థితిలో వచ్చేదో అదే స్థితికి తేవాలి. వేడి మీద వచ్చేదైతే అంతసేపు నడపాలి, పూర్తి వేగంలో వచ్చేదైతే ఆ వేగంలోనే కొంతసేపు ఉంచాలి. తర్వాత ప్లగ్గులు తీసి రెండింటి రంగూ పోల్చాలి. స్టాప్ వైరు తిరిగి కలిపారా, ఎర్ర తాడు లాగితే ఇంజన్ ఆగుతోందా అన్నది కూడా ఈ పరీక్షలోనే చూడాలి.

విప్పిన ప్రతి కనెక్టర్‌లోనూ, క్యాప్ లోపలా డైఎలెక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాస్తే తేమ చేరదు. కొత్త ప్లగ్‌ను చేత్తో ఆనేదాకా తిప్పి, తర్వాత స్పానర్‌తో ఇంకో అర చుట్టు బిగిస్తే వాషర్ సరిగా నొక్కుకుంటుంది. పాత ప్లగ్‌ను ఇసుక చిమ్మే యంత్రంతో శుభ్రం చేయకూడదు, చిక్కుకున్న రేణువులు సిలిండర్‌ను గీస్తాయి. ఇంజన్ సముద్రంలో మునిగితే బయటికి తీసిన వెంటనే మంచినీటితో కడిగి, నీరు వంపి, ఆయిల్ పోసి తిప్పి, అదే రోజు నడపాలి. ఆలస్యమైన ప్రతి గంటా కనెక్టర్లలోనూ బేరింగుల్లోనూ తుప్పుగా మారుతుంది. బోటులో ఖాళీ సరిచేసిన రెండు ప్లగ్గులు, ప్లగ్ స్పానర్, అదనపు ఎర్ర తాడు క్లిప్, గీకే కాగితం ముక్క, పొడిగుడ్డ నీరు చొరని డబ్బాలో ఉండాలి. సముద్రం మధ్యలో చేయగలిగిన ఇగ్నిషన్ మరమ్మతు చాలావరకు ఆ డబ్బాతోనే సాధ్యమవుతుంది.